ముత్తంగికి చేరని సగం మాట

మా గోదాములో రోజూ పన్నెండున్నరకు గోడ మీది స్పీకరు మాట్లాడుతుంది. "ఇది పరీక్ష మాత్రమే. ఆవిరి లీకైనట్టు అసలు హెచ్చరిక వస్తే వెంటనే పని ఆపండి. గాలి ఎటు వీస్తుందో చూసి, దానికి అడ్డంగా నడవండి..." అంటూ నలభై సెకన్లు సాగే సందేశం అది. రెండు నెలలుగా మాత్రం చాలా రోజులు "పని ఆపండి" దగ్గరే ఆగిపోతోంది. పని ఆపాక ఎటు నడవాలో చెప్పే భాగం మాకు చేరడం లేదు.

నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, ముత్తంగి గోదాములో సాల్వెంట్ల నమూనాలు పరీక్షించే పనిలో ఉన్నాను. నా బల్లకు ఇరవై అడుగుల అవతల టోలుయీన్ అనే మండే ద్రావకం డ్రమ్ములు వరుసగా నిలబడి ఉంటాయి. పొద్దున్నే మా పదకొండు నెలల నిషితను రుద్రారంలో కంపెనీ నడిపే క్రెష్‌లో దింపి, బండి ముత్తంగి వైపు తిప్పగానే ఆ డ్రమ్ములు గుర్తొస్తాయి. స్పీకరు గురించి మూడుసార్లు ఫిర్యాదు రాశాను; ఎవరో వచ్చి రెండుసార్లు స్పీకరు మార్చి పోయారు. నాలుగోసారికి ఎల్సీ అక్క వచ్చింది.

ఎల్సీ అక్కది సంగారెడ్డి. నలభై దాటాయి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, పదిహేనేళ్లుగా కాంట్రాక్టు మీద మా కంపెనీ నెట్‌వర్క్ చూసుకుంటోంది. స్కూటీ ముందు ల్యాప్‌టాప్ సంచి, సీటు కింద టిఫిన్ డబ్బా, దాని పక్కనే వైర్లు కత్తిరించే కటింగ్ ప్లేయరు. వచ్చి స్పీకరు విప్పుతుందనుకున్నాను. విప్పలేదు. కుర్చీ తెచ్చుకుని దాని ఎదురుగా కూర్చుంది.

"చూడవా అక్కా?"

"ఇంటున్న గద తమ్మీ. మా నాయిన బర్నబా మైకుసెట్టు కిరాయికిచ్చెటోడు. చర్చి సభలకు, పెండ్లిళ్లకు. ఎన్నడు మైకు తాన నిలబడలే. 'ఎనక కూసున్న ముసలమ్మకు ఇనబడ్తుందా, పోయి సూడు' అని నన్ను ఉరికిచ్చేది. ఇనబడ్తె నేను చెయ్యి లేపాలె. లేపకపోతే ఆయన పాట మొదలు కానియ్యడు."

అంతలో సందేశం మొదలైంది. "పని ఆపండి" దగ్గర ఆగింది. అక్క గడియారం చూసి నోటుబుక్కులో సెకన్లు రాసుకుంది.

మా కంపెనీ హెడ్డాఫీసు పటాన్‌చెరులో. ప్లాంటు సంగారెడ్డిలో, శిక్షణ కేంద్రం, క్రెష్ రుద్రారంలో, గోదాము ముత్తంగిలో. ఈ మూడు శాఖల మధ్య నేరుగా లైన్లు లేవు. సైకిలు పుల్లలు ఇరుసుకు చేరినట్టు అన్నీ పటాన్‌చెరుకే చేరతాయి. సందేశాన్ని ఒక్కొక్కరికీ వేరుగా పంపరు. ఒక్కసారి వదిలితే, ఏ శాఖ కావాలని అడిగిందో అటు పటాన్‌చెరు రౌటర్ నకలు తీసి పంపుతుంది. దాన్ని మల్టీకాస్ట్ అంటారని అక్క చెప్పింది.

శనివారం సాయంత్రం కంపెనీలో భద్రతా తనిఖీ. అంతకుముందే అన్ని స్పీకర్లూ సక్రమంగా ఉన్నాయని అక్క సంతకం పెట్టాలి. భద్రతా విభాగం మేనేజరు రాజారావు గారు ఫోన్ చేస్తే అక్క నాకు కూడా వినపడేలా పెట్టింది.

"ఎల్సీ, హెడ్డాఫీసుల నేను రోజూ పూర్తిగ ఇంటున్న. ముత్తంగిల స్పీకర్ ఖరాబైతే మార్చెయ్."

"రెండుసార్లు మార్చిండ్రు సార్. కొత్తది గూడ అక్కడ్నే ఆగుతుంది."

"నెలల పది రోజులన్న మంచిగ వస్తలేదా?"

"వస్తుంది సార్. లీకైతే ఆ పది రోజులల్లనే అయితదని రాసిస్తరా?"

ఆయన ఫోను పెట్టేశారు. నాకు భయం వేసింది. అక్క టిఫిన్ డబ్బా తెరిచి పులిహోర సగం నా ముందు పెట్టింది.

మంగళవారం ఆమె సంగారెడ్డి ప్లాంటు క్యాంటీన్‌లో కూర్చుంది. నేను ముత్తంగిలో సెకన్లు రాసుకున్నాను. రెండుచోట్లా ఒకే సెకనుకు మాట తెగింది. "ఈడ గూడ గంతే తమ్మీ. పల్లాల సప్పుడుల ఎవ్వలికి తెల్వలే," అంది ఫోనులో. "రెండు తాన్ల ఒక్కసారే తెగిందంటే తెంపేది పటాన్‌చెరు. తెంపమని దానికి చెప్తున్నదెవరో దొరకాలె."

బుధవారం సందేశం పూర్తిగా వచ్చింది. గురువారం మళ్లీ తెగింది. బుధవారం ఏం తేడా జరిగిందో కనుక్కోమని అక్క నాకు పని అప్పగించింది. కరెంటు కోతలు, లారీల రాకపోకలు, సెలవు చీటీలు అన్నీ చూశాను. ఏమీ దొరకలేదు.

గురువారం సాయంత్రం ఇంటికి వెళితే నా భార్య సృజన పాపను ఎత్తుకుని ఉంది. "ఇయ్యాల నయం, పగలు పండుకున్నదంట. నిన్న కన్నే మూయలేదు. లక్ష్మీనరసమ్మ పెండ్లికి పోయింది గదా, కొత్తామెకు తెల్వక ఆ పెట్టెను మొత్తుకోనిచ్చింది," అంది.

నేను బూట్లు విప్పడం ఆపేశాను. క్రెష్‌లో చేర్పించిన మొదటి వారమే ఆయమ్మ లక్ష్మీనరసమ్మను బతిమాలింది నేనే. పన్నెండున్నరకు స్పీకరు అరిస్తే పిల్ల ఉలిక్కిపడుతోంది, జెర బంద్ చెయ్యమ్మా అన్నాను. అది జరిగి సరిగ్గా రెండు నెలలు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదన్న ఆలోచన రాలేదనను. ఆయమ్మ ఉద్యోగం పోతుందేమో అని కూడా అనిపించింది. కానీ ఆ డ్రమ్ముల మధ్య నాతో పాటు ముప్పై మంది పనిచేస్తారు. అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"గీ ముచ్చట నీ తాన పెట్టుకొని నాతోని ఊరూరా కుర్చీలు మోయించినవ్," అంది. తర్వాత నవ్వింది.

శుక్రవారం పన్నెండున్నరకు అక్క రుద్రారంలో ఉంది. నేను ముత్తంగిలో ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాను. లక్ష్మీనరసమ్మ గొంతు వినిపిస్తోంది.

"నేనేం పాడు చెయ్యలేదమ్మా. పిల్లలు పండుకున్న దినం గీ బటన్ ఒత్తుత, వాళ్లు లేసినంక మల్ల ఒత్తుత. సారే చెప్పిండు."

"నిన్నెవ్వలేమనలే పెద్దమ్మా. రోజు ఎట్ల ఒత్తుతవో గట్లనే ఒత్తు."

సందేశం మొదలవగానే ఆమె ఒత్తింది. అయిదు సెకన్లకు నా ముందున్న స్పీకరు ఆగిపోయింది.

జరిగేది ఇదీ. ఆ బటన్ నొక్కితే పెట్టె ఊరికే ఆరిపోదు, తనకిక వద్దని చెప్పి తప్పుకుంటుంది. రుద్రారంలో ఉన్న స్పీకరు అదొక్కటే కనుక అక్కడి రౌటర్ ఆ కబురును పటాన్‌చెరుకు చేరవేస్తుంది. పటాన్‌చెరు రౌటరేమో మూడు శాఖలూ ఒకే తీగ మీద ఉన్నాయనుకుంటుంది. ఇంకెవరికైనా కావాలేమో అని మూడు సెకన్లు ఆగుతుంది. నిజంగా ఒకే తీగ అయితే రుద్రారం మాట విని ముత్తంగి అడ్డుపడేది. ఇక్కడ ఒక శాఖ మాట ఇంకో శాఖకు వినపడదు. ఎవరూ అడ్డు చెప్పలేదని రౌటర్ శాఖలన్నిటికీ ఆపేస్తుంది. హెడ్డాఫీసు స్పీకరు ఈ దారిలో లేదు కనుక అక్కడ మాత్రం తెగదు. నిమిషం లోపు మిగతా శాఖలు మామూలుగా మళ్లీ అడుగుతాయి, ప్రసారం తిరిగి వస్తుంది. అప్పటికి సందేశం అయిపోయి ఉంటుంది.

ఇది విన్న రాజారావు గారికి పెద్ద బరువు దిగింది. "అయిపాయె. ఆ ఆయమ్మకు మెమో ఇద్దాం. బటన్ మీద టేపు అంటియ్యి."

"రేపు ఇంకో బ్రాంచిల ఇంకొకలు ఒత్తుతరు సార్. ఒకలు వద్దంటె అందరికి బంద్ చేస్తున్నది మన రౌటర్. దాన్ని మార్చాలె."

"నడుస్తున్న రౌటర్ మీద చెయ్యి పెట్టనియ్య."

"అయితే సంతకం మీరే పెట్టుకోండి సార్."

శనివారం పదకొండున్నరకు ఆయన అనుమతి ఇచ్చారు. ఏ శాఖ అడిగిందో, ఏ శాఖ వద్దందో ఎవరిది వారికి విడిగా గుర్తుపెట్టుకోమని పటాన్‌చెరు రౌటర్‌కు చెప్పే అమరిక అది. ఒక్క వరుస. దాన్ని టైపు చేయడానికి అక్కకు అర నిమిషం కూడా పట్టలేదు.

ఆ పొద్దున క్రెష్‌లో నేను లక్ష్మీనరసమ్మకు నా మాట వెనక్కి తీసుకున్నాను. అక్క పరీక్ష కోసం ఈ రోజు ఒక్కసారి ఒత్తమని, ఇక మీదట వద్దని చెప్పాను. అసలు హెచ్చరిక వచ్చిన రోజు ఆ పెట్టె మూగగా ఉంటే నా కూతురే లోపల ఉంటుంది. ఇన్నాళ్లూ ఆ సంగతే నాకు తట్టలేదు. పిల్లలను ఒంటిగంటకు పడుకోబెట్టమన్నాను.

"మీ బిడ్డకు మీరే చెప్పుండ్రి సారూ. అది నా మాట ఇంటదా?" అందామె.

పన్నెండున్నరకు రుద్రారంలో ఆమె బటన్ ఒత్తింది. నేను ముత్తంగిలో వీడియో కాల్ పెట్టి స్పీకరు కింద నిలబడ్డాను. తెరలో పటాన్‌చెరు ఆఫీసులో అక్క, ఆమె వెనక రాజారావు గారు. "పని ఆపండి." రోజూ తెగే చోటు అదే. ఈసారి ఆగలేదు. "గాలి ఎటు వీస్తుందో చూసి, దానికి అడ్డంగా నడవండి. పరుగెత్తకండి. గేటు దగ్గర మీ పేరు చెప్పండి." చివరి మాట దాకా విన్నాను. చెయ్యి లేపాను.

రాజారావు గారు కాగితం ముందుకు జరిపారు. "కారణం తాన ఆయమ్మ పేరు రాయి."

అక్క 'పటాన్‌చెరు రౌటర్ అమరిక' అని రాసింది. కలం మూత పెట్టేసింది.

"సంతకం?"

"ఆగుండ్రి సార్," అంటూ ఆమె సంగారెడ్డి క్యాంటీన్ నంబరు కలిపింది. "ఆడ గూడ చెయ్యి లేవాలె."