కార్డు లేదన్నాను

అమ్మ జారిపడి తుంటి ఎముక విరిగిన రోజు ఆసుపత్రిలో నేనొక అబద్ధం ఆడాను. దాని నొప్పి ఆవిడ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా స్ట్రెచర్ మీద పడింది.

మాది చీపురుపల్లి బజారులో సత్తు, స్టీలు గిన్నెల కొట్టు. మా సందులో వ్యాపారస్తులందరికీ ప్రభుత్వం ఇచ్చిన ఆరోగ్య కార్డు ఉంది, కంపెనీ పాలసీ కూడా ఉంది. రెండూ ఎందుకయ్యా అంటే ఏసీ గది అనీ, పెద్ద డాక్టరు అనీ చెప్పుకుంటాం. అదంతా పైమాట. విజయనగరంలో మేం వెళ్ళే ఆసుపత్రిలో రెండిటికీ అదే డాక్టరు, అదే థియేటరు. తేడా అంతా లైనులోనే. వ్యాపారస్తుడు కార్డు లైనులో నిలబడ్డాడంటే ఆ కబురు అతనికంటే ముందు ఊరు చేరుతుంది. కొట్టు దెబ్బతిందంటారు, మర్నాటి నుంచి అరువు మీద సరుకు దించరు. ఆ భయానికే అందరం ఏటేటా పాలసీ కడతాం. నేనూ అమ్మ పేరు చేర్చి కట్టాను.

కట్టేటప్పుడు ఫారంలో షుగరు ఉందా అన్నచోట ఏజెంటు లేదని రాశాడు. అమ్మ రోజూ మా వంటింట్లో మాత్ర మింగడం చూస్తూనే ఉన్నాను. అయినా సంతకం పెట్టాను. ఉందంటే పాలసీ ఇవ్వరేమోనని.

ఆ పొద్దున నేను స్ట్రెచర్ పక్కన నిలబడి పాలసీ కౌంటరు ఎక్కడా అని చూస్తుంటే "సావుకారు బాబూ!" అని కేక వినబడింది. మా కొట్టు మెట్ల పక్కన చేపలమ్మే ఆవిడ. సముద్రం ఒడ్డు ఊరి నుంచి రోజూ వస్తుంది, బేసిన్లు మా దగ్గరే కొంటుంది. మొగుడికి ఆపరేషనని కార్డు లైనులో నిలబడి ఉంది.

"అయ్యో, అమ్మకేటైనాది? ఇటొచ్చీండి, నా ముందర నిలబడండి. కార్డు ఉన్నాది గదా?"

హాలంతా వినేలా అడిగింది. నేనూ హాలంతా వినేలాగే చెప్పాను.

"మాకు కార్డు లేదు. మాది కంపెనీ పాలసీ."

అమ్మ కళ్ళు తెరిచి నన్నొకసారి చూసి మళ్ళీ మూసుకుంది.

షుగరు ఎన్నాళ్ళ నుంచి అని నర్సు అడిగితే అమ్మ ఉన్నమాట చెప్పేసింది. ఆ కాగితం కంపెనీకి వెళ్ళింది. అక్కడి నుంచి ఒక ప్రశ్న, మేం ఒక జవాబు, మళ్ళీ ఇంకో ప్రశ్న. పక్కగుడ్డ మార్చినప్పుడల్లా అమ్మ పెదవి కొరుక్కునేది. సాయంత్రానికి తేల్చి చెప్పారు. జబ్బు దాచారు కాబట్టి కుదరదన్నారు.

చేతినుంచి పెట్టుకునే స్తోమత లేదు. కార్డు తెమ్మని ఇంటికి ఫోన్ చెయ్యాలి. లేదన్న నోటితోనే ఎలా అడగాలో తెలియక కారిడార్లో తచ్చాడుతున్నాను. అమ్మ చేత్తో పిలిచి, రొంటిన దోపుకున్న చిన్న గుడ్డసంచి చూపించింది. అందులో ప్లాస్టిక్ కవరులో కార్డు ఉంది.

"పడిపోయినప్పుడే కోడలి సేత తీయించి పెట్టుకున్నాన్రా. నువ్వు తేవని తెలుసు నాకు."

 కార్డు దగ్గరే ఉండి కూడా ఆవిడ పొద్దుట్నుంచి నా పరువు కోసం నోరు మూసుకుని నొప్పి ఓర్చుకుంది.

కార్డు పట్టుకుని ఆ లైను చివర నిలబడ్డాను. మొగుడి ఆపరేషన్ అయిపోయి బెంచీ మీద కూర్చున్న చేపలావిడ నా చేతిలోని కార్డు చూసింది.  లేచి లైను ముందుకు వెళ్ళి, "ముసలమ్మ పొద్దుట్నుంచి నొప్పితో ఉన్నాది, ఈ బాబుని ముందరికి వొగ్గీండి" అని అందర్నీ జరిపింది.

మర్నాడు ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ తర్వాత కొన్ని నెలలు నేను బజారులో చెవులు రిక్కించుకునే తిరిగాను. కబురు ఎక్కడా పొక్కలేదు. అంతకుముందు ఆవిడది పెద్ద నోరని అందరితో అన్నది నేనే. ఇప్పటికీ బేసిను కొనడానికి వస్తే "అమ్మ నడస్తన్నాదా?" అని మాత్రం అడుగుతుంది. నేను ఆవిడ మొహంలోకి చూడకుండా బేసిన్లు సర్దుతాను.

ఈ ఏడూ పాలసీ కట్టాను. షుగరు ఉందనే రాశాను. కట్టకుండా ఉండే ధైర్యం నాకింకా రాలేదు.

మొన్న బీరువా సర్దుతూ, కార్డు ఇలా ఇవ్వు, భద్రంగా పెడతానని అమ్మను అడిగాను. ఆవిడ రొంటిన సంచి మీద చెయ్యి వేసుకుంది. కోపమేమీ లేదు గొంతులో.

"నాకాడే ఉండనీరా. నువ్వు మళ్ళీ లేదంటావు."