నాయిన పీకనివ్వని గురిగింజ తీగ

వారం రోజులుగా నా గొంతు పోయింది. పాఠం చెప్పలేక చేతులు తిప్పుతుంటే, నా క్లాసు ఇంత హాయిగా ఎన్నడూ లేదని పిల్లలు పొంగిపోతున్నారు. నిన్న తార్నాకలో కొన్న అతిమధురం వేరు ముక్కను బుగ్గన పెట్టుకోగానే, ఆ మట్టివాసన కలిసిన తీపి నన్ను చిన్నప్పుడు మేమున్న యూనివర్సిటీ క్వార్టర్సులోని గురిగింజ తీగ కిందికి లాక్కుపోయింది.

నాయిన వృక్షశాస్త్రం వాళ్ల తోటలో మాలి. చింతాకులాంటి సన్నని ఆకులతో ఆ తీగ మా కంచె పొడవునా అల్లుకుని, వానలకు లేత గులాబీ పూలు పూసి, చలి ముదిరేసరికి చిక్కుళ్లకు చుట్టాల్లాంటి కాయలు విచ్చి, నల్లబొట్టు పెట్టుకున్న ఎర్రటి గింజలను చూపించేది. మాకు దగ్గొస్తే, నోరు పూస్తే నాయనమ్మ రెండు రెమ్మలు తెంపి నమలమనేది. ఆ తీపి కోసం నోరు పూసిందని నోరారా అబద్ధమాడిన రోజులెన్నో. తన మోకాళ్ల వాపుకూ ఆ ఆకునే వెచ్చచేసి కట్టుకునేది. సీతాఫల్‌మండి కంసాలి ఒకాయన బంగారం తూచడానికి గింజలు ఏరుకుపోయేవాడు. నాయిన మాత్రం ఎప్పుడూ ఒకటే మాట: "ఆకు తినుండ్రి. గింజ నోట్ల పెడితే పానం పోతది."

ఒక ఆదివారం మేము బొమ్మల పెళ్లి పెట్టుకున్నాం. అటుకులు, బెల్లం, పుట్నాలతో విందు సిద్ధం. పెళ్లికూతురి మెడే బోసిగా ఉంది. నేను గురిగింజలు నానబెట్టి, ముట్టొద్దన్న నాయనమ్మ దబ్బనం దొంగతనంగా తెచ్చి, ఒక్కోదానికి బొక్క పెట్టి దండ గుచ్చాను. అందరూ మెచ్చుకుంటుంటే ఉబ్బిపోయాను. విందయ్యాక చూస్తే దండ నాలుగేళ్ల చెల్లె పద్మ నోట్లో ఉంది. దారం తెగింది. ఒక గింజ లేదు.

"మింగినవానే?" అంది నాయనమ్మ.

"ఆకు లెక్క తియ్యగ లేదు," అని చెల్లె మొహం చిట్లించింది.

అమ్మ ఏడుపందుకుంది. "ఊకో పిల్లా, గింజ రాయి లెక్కుంటది. ఎట్ల పోయిందో అట్లనే బయటికొస్తది. నీ మొగడు చిన్నగున్నప్పుడు మింగలేదా?" అంది నాయనమ్మ. అబద్ధం కాదు. పొట్టు పగలని గింజ చాలాసార్లు అరగకుండానే బయటపడుతుంది. నాయిన ఊపిరి పీల్చుకున్నాడు. అమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ పొట్టుకు బొక్క పడిందని తెలిసింది నాకొక్కదానికే. చెబితే నా వీపు పగులుతుంది. చెప్పకపోతే చెల్లె ఉండదు. గురివింద తన నలుపెరుగదంటారు గానీ, నా నలుపు నాకు నిలువెల్లా కనిపించింది.

"నాయినా, అది వట్టి గింజ కాదు. దబ్బనంతోని బొక్క పెట్టిన."

నాయిన చెల్లెను భుజానేసుకుని, చెప్పులు కూడా తొడుక్కోకుండా రోడ్డెక్కి ఆటో ఆపాడు. దవాఖానలో వెంటనే కడుపు కడిగారు. వాంతులతో వాడిపోయిన పిల్లను రోజుల తరబడి కనిపెట్టుకుని ఉన్నారు. "బొక్క సంగతి చెప్పి మంచిపని చేసిండ్రు," అంది డాక్టరమ్మ. నాలుగోనాడు చెల్లె ఇడ్లీ కావాలని ఏడ్చింది. అంత కమ్మని ఏడుపు నేను మళ్లీ వినలేదు.

ఇంటికొచ్చాక, కోస్తా నుంచి వచ్చిన పక్కింటి క్లర్కుగారు, "ఆ పాడు తీగని పీకేయరాదటండీ మల్లయ్యగారూ?" అన్నారు.

"దాని తప్పేంది సారూ? ఇన్నేండ్లు పిల్లల దగ్గు తగ్గిచ్చింది. తెల్వనోళ్లకు మనమే చెప్పాలె," అన్నాడు నాయిన.

నాకు దెబ్బలు పడలేదు. ఒక రేకు, కుంచె చేతికిచ్చి నాతోనే రాయించాడు: 'ఆకు మందు. గింజ విషం.' ఏటా వానలకు రంగు వెలిసినప్పుడల్లా మళ్లీ నేనే దిద్దాలి. చదువు రాని మనిషి వేసిన ఆ శిక్షే నేను నేర్చుకున్న మొదటి వృక్షశాస్త్రం.

పోయిన నెల మౌలాలి నుంచి పద్మ వస్తే అటు తీసుకెళ్లాను. క్వార్టర్సు లేవు, కంచె లేదు, రేకూ లేదు. వరసగా కార్లు నిలబడి ఉన్నాయి.

"గీడనే గదా అక్కా, నన్ను సంపబోయినవ్?" అంది నవ్వుతూ.

"గీడనే బతికిచ్చిన గూడ," అన్నాను.

మా ఇద్దరికీ తీర్పు చెప్పడానికి నాయిన లేడు.