సుంకరమెట్ట చీపుర్లు

ఎదురింటాయన నిన్న సాయంత్రం అరకు నుంచి తిరిగొచ్చాడు. ఈ పొద్దున్నుంచీ కారు నాలుగు తలుపులూ బార్లా తెరిచి, పాత టూత్‌బ్రష్షుతో సీట్ల సందులు గీకుతున్నాడు. సంగతేమిటని అడిగితే, ఇంట్లో దొంగలు పడినట్టు మొహం పెట్టి, "మా ఆవిడ కొండచీపుర్లు కొంది సార్. బండంతా నూగే" అన్నాడు. కొత్త కారు కొన్నవాడి మొహంలో ఒక రకమైన అల్పత్వం ఉంటుంది. ఎవరో దాన్ని ముట్టుకోబోతున్నారని ఇరవై నాలుగు గంటలూ భయం. నాకు నవ్వొచ్చింది, అసహ్యం కూడా వేసింది. గుమ్మం దాటి లోపలికొచ్చాక తెలిసింది, ఆ అసహ్యానికి అసలు హక్కుదారు ఎదురింట్లో లేడని.

కొన్నేళ్ల కిందట మా ఇంట్లోనూ అలాంటి మనిషి ఒకడుండేవాడు. ఆఫీసులో నలుగురు లేచి నిలబడితే లోకమంతా లేచి నిలబడాలనుకునే రకం. సీట్ల మీద కంపెనీ వాళ్లు వేసిన ప్లాస్టిక్ కవర్లు కూడా తీయకుండా, చెమటకి వీపు అంటుకుపోతున్నా ఓర్చుకుంటూ, భార్యనీ కూతుర్నీ అరకు తీసుకెళ్లాడు. గుహలు చూసి గబ్బిలాల కంపన్నాడు. వెదురు గొట్టంలో కాల్చిన కోడిని గెలికి, మా వంటింట్లో గిన్నెలున్నాయి కదా అన్నాడు. కాఫీతోటల మధ్య నిలబడి కాఫీ తాగి, మా వీధి చివర హోటల్లోదే నయమన్నాడు. సెలవంతా అలాగే గడిచింది. మా ఆవిడ మొదట్లో నవ్వింది, తర్వాత వినడం మానేసింది. అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. ఆ మనిషి మాత్రం తన చమత్కారానికి వాళ్లు ముగ్ధులై మాటలు రాక కూర్చున్నారనుకున్నాడు.

తిరుగు ప్రయాణం రోజు సుంకరమెట్ట సంత దగ్గర మా ఆవిడ కారు ఆపించింది. రోడ్డు పక్కన ఒకామె చీపుర్లు పరుచుకుని కూర్చుంది. ముక్కుకి రెండు వైపులా పుడకలు, జుట్టులో బంతిపువ్వు, పక్కన ఖాళీ అయిన బుట్ట. కొండచీపురు సంగతి తెలియనివాళ్లుండరు. కొత్తలో ఊడ్చినదానికంటే రాల్చే నూగే ఎక్కువ. మా ఆవిడ అక్కచెల్లెళ్లకీ, తోడికోడళ్లకీ, పనిమనిషికీ అంటూ ఉన్నవన్నీ ఒక పెద్ద కట్టగా తీసుకుంది. "ఊరంతా ఊడవడానికి కాంట్రాక్టు తీసుకున్నావా?" అన్నాను స్టీరింగు ముందు నుంచి కదలకుండా. ఆవిడ నా వైపు చూడనేలేదు. ఇద్దరూ ఏదో మాటల్లో పడ్డారు. చీపుర్లామెకి అనంతగిరిలో చెల్లెలుందట, చూడబోతోందట. అనంతగిరి మా దారిలోనే ఉంది.

"అయితే మాతో వచ్చెయ్యమ్మా, దింపేస్తాం" అంది మా ఆవిడ.

"వద్దమ్మా, బాబు ఏటంటాడో."

"ఆయనేమంటారు? రా, కూర్చో."

మా ఆవిడ ముందు సీట్లో కూర్చుని, చీపుర్ల కట్ట ఒళ్లో పెట్టుకుంది. చీపుర్లామె ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని వెనక తలుపు పిడి మీద చెయ్యి వేసింది. నేను నావైపు తలుపుకున్న మీట నొక్కాను. టక్‌మని నాలుగు తలుపుల లాకులూ పడిపోయాయి.

ఎంత చిన్న చప్పుడో! ఒక మనిషిని కాదనడానికి నోరు కూడా తెరవక్కర్లేని సదుపాయం. ఆమె పిడి రెండుసార్లు లాగి చూసింది. తర్వాత అర్థమైంది. చెయ్యి తీసేసి, తన చీర చెంగుతో ఆ పిడిని తుడిచింది. "పర్నేదమ్మా, బస్సొస్తాది. కొత్త బండి గదా, మాసిపోతాది" అంది. వెటకారమేమీ లేదు. నిజంగానే మాసిపోతుందని ఆమె బెంగ.

"తలుపు తియ్యండి" అంది మా ఆవిడ.

"బస్సులుంటాయిలే వీళ్లకి."

"రమ్మన్నది నేను. నా మాటేమవ్వాలి?"

"నన్నడిగి రమ్మన్నావా?"

ఆవిడ తనవైపు లాకు తానే ఎత్తుకుంది, ఇంకో టక్. చీపుర్ల కట్టతో సహా దిగి, వెళ్లి ఆమె పక్కన నిలబడింది. ఎంతసేపు నిలబడతారులే అనుకుని నేను అద్దంలో జుట్టు సర్దుకున్నాను. ఈలోగా కిక్కిరిసిన పల్లెవెలుగు బస్సొచ్చింది. "బేగి రండమ్మా!" అంటూ ఆమె మా ఆవిడ చెయ్యి పట్టుకుని లాగేసింది. చీపుర్లు కూడా ఎక్కేశాయి.

ఇక ఘాట్ రోడ్డు పొడవునా నేను ఆ బస్సు వెనకాలే. ముందుకెళ్లడానికి మనసొప్పదు, ఆగిపోవడానికి పౌరుషం ఒప్పదు. మలుపు తిరిగినప్పుడల్లా వెనక కిటికీలోంచి చీపుర్ల కుచ్చులు బయటికి ఊగుతూ కనిపించేవి. బస్సు పొగ నా ఏసీలోకి దూరింది. మా అమ్మాయి ఇయర్‌ఫోన్లు తీసేసింది. అనంతగిరిలో ఆ చీపుర్లామె దిగిపోగానే మా ఆవిడా దిగి వస్తుందని, వచ్చాక అనాల్సిన మాటలు కూర్చుకుంటూ నడిపాను. క్షమించమనే మాట అందులో లేదు.

అనంతగిరిలో బస్సాగింది. చీపుర్లామె దిగి, కిటికీ దగ్గర నిలబడి మా ఆవిడకేదో చెప్పి నవ్వించింది. మా ఆవిడ దిగలేదు. ఖాళీ అయిన చోటులోకి, కిటికీ పక్కకి జరిగి కూర్చుంది. నేను కారు దిగి వెళ్లాను. నలభై దాటిన కండక్టరు మెట్టు మీద నిలబడి ఉన్నాడు.

"ఏటండీ, సుంకరమెట్ట కాణ్ణించి మా యెనకాలే వస్తన్నారు?"

"మా ఆవిడ బస్సులో ఉంది."

అతను లోపలికోసారి, నా కారు వైపోసారి చూశాడు. "మరయితే ఓ పని సెయ్యండి బాబూ. మీ బండి ఖాళీయే గదా. నిలబడ్డ ముసిలోళ్లు ముగ్గురున్నారు, కొండ కింద కోట ఊరు దాకా ఎక్కించుకోండి. మాకూ గాలాడతాది." బస్సులో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ క్షణం ఒక్క మాట చాలు, ఆ ముసలివాళ్లని రమ్మంటే అయిపోయేది. మా ఆవిడ కిటికీలోంచి చూస్తూనే ఉంది. నేను ఏం చేశానో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతుంది. వెనక్కి తిరిగి సీట్ల వైపు చూశాను. ఎండలో ఆ ప్లాస్టిక్ మెరుస్తోంది. అంతే, చూశాను. ఆవిడ మొహం అటు తిప్పేసుకుంది. కండక్టరు "రైట్ రైట్" అన్నాడు. ఈలోగా నా కారు వెనక తలుపు తెరుచుకుంది. మా అమ్మాయి బ్యాగు భుజాన వేసుకుని, "ఇంక సీట్లు మాసిపోవులే డాడీ" అని బస్సెక్కేసింది.

కొండ దిగి, కోట దాటి, విశాఖపట్నం వరకూ ఖాళీ సీట్లని భద్రంగా తీసుకొచ్చాను. ఒక్క మరక లేదు. అంత శుభ్రమైన కారులో అంత నీచంగా ఎప్పుడూ కూర్చోలేదు. దారిలో ఆగాగి నేను ఇల్లు చేరేసరికి తల్లీకూతుళ్లు బస్సు దిగి ఆటోలో వచ్చేసి, హాల్లో చీపుర్లు పంచడానికి వేరు చేస్తున్నారు. ఇల్లంతా నూగు. గాలిలో ఎగురుతూ వచ్చి నా చొక్కా మీద కూడా వాలింది. మర్నాడు సీటు కవర్లు చింపేశాను. ఎవరూ మెచ్చుకోలేదు, మెచ్చుకోకపోవడమే న్యాయం. మళ్లీ అటు వెళ్లినప్పుడు సుంకరమెట్టలో కారాపి, ఆ ముక్కుపుడకల కోసం వెతికాను. అక్కడ వేరే ఎవరో అనాసపళ్లు అమ్ముతున్నారు.

ఆ కారు అమ్మేశాం, ఇంకోటి కొన్నాం. ఆనాటి చీపుర్లన్నీ ఎవరి ఇళ్లలో వాళ్లకి అరిగి మొద్దులైపోయాయి. కానీ ఎక్కడికి బయల్దేరినా, నేను తాళం తిప్పే ముందు మా ఆవిడ తనవైపు లాకు ఒకసారి ఎత్తి చూసుకుంటుంది. ఎందుకని నేనడగను, ఆవిడ చెప్పదు. ఇన్నేళ్లు అన్నిటినీ అరగదీసుకుంటూ పోయాయి, ఆ చిన్న టక్ ఒక్కటి మాత్రం కొత్తగానే మిగిలింది.