కుడి మూలన బస్సు పట్టేంత ఖాళీ

ఈ నాలుగు ముక్కలూ చదివేసరికి నా పరువు ఏలూరు కాలువలో తేలుతూ ఉంటుంది. చూడలేనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి. అప్పటికి నాది కుర్రతనం, అరవై తొమ్మిదేళ్ళే. పైగా చేతిలో కొత్త ఫోను.

గన్నవరంలో ఆడపిల్లల కబడ్డీ పోటీలు. మా పటమట జట్టులో కూతకెళ్ళే పిల్ల మా పక్కింటి స్వాతి. ఆ పొద్దున ఆఖరి కూతలో ఎడమకి తిరిగి దొరికిపోయింది. ఒక్క పాయింటుతో ఓడాం. మర్నాటి ఆట గెలిస్తేనే ఫైనలు. ఆ కూతని కోర్టు పక్కన కూర్చుని నేనే వీడియో తీశాను. అంటే, ఫోను చేతిలో ఉంది. కళ్ళు పునుగుల ప్లేటులో ఉన్నాయి.

సాయంత్రం కోచ్ రాంబాబుని వరండాలోకి పిలిచి, వీడియో సరిగ్గా ఒకచోట ఆపి, వేళ్ళతో సాగదీసి చూపించాను.

"కుడి మూల చూడవయ్యా! సిటీ బస్సు పట్టేంత ఖాళీ! దీన్నొదిలి ఎడమకి పోతారా ఎవరైనా?"

"ఖాళీయేనండీ మాస్టారూ..."

"రాష్ట్రస్థాయిలో ఆడే రోజుల్లో ఇలాంటి సందులో నిద్రలో కూడా దూరేవాణ్ణి. పిల్లకి చూపు ఆనట్లేదు. రేపు పక్కన కూర్చోబెట్టు."

పాపం, పెద్దవాణ్ణని నమ్మాడు. స్వాతిని తీసేశాడు. నేనూరుకున్నానా? ఇస్త్రీ బండి అతనికి, పాలాయనకి, వాచ్‌మన్‌కి అదే బొమ్మ చూపించాను. దూరపు కొండలు నునుపంటారు. ఫోనులో కొండలైతే అసలు కనబడనే కనబడవని ఎవరూ చెప్పరే!

"ఏవండీ, ఆ పిల్ల ఏడుస్తోంది," అంది మా ఆవిడ.

"న్యాయానికి కళ్ళుండవే."

"న్యాయం సంగతి తెలీదు గానీ, మీకు మాత్రం లేవు."

అంతలో స్వాతే వచ్చింది, కళ్ళు తుడుచుకుంటూ, రాంబాబుని వెంటబెట్టుకుని.

"తాతయ్యా, అటుపక్క ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి."

"ఒకటి, రెండు... ఆరుగురు."

"ఎంతమంది ఉండాలి?"

"ఏడుగు..." మాట గొంతులో పునుగులా అడ్డం పడింది. "ఒకత్తి అవుటై బయటుందేమో!"

"ఎవరూ అవుట్ కాలేదు. ఆపింది చాలు, ముందుకి నడపండి."

నడిపాను. అంపైరు అరడుగు పక్కకి జరిగాడు. ఆయన బొజ్జ వెనకనుంచి, నా బస్సు పట్టే ఖాళీలోంచి, గిత్తలాంటి పిల్ల ఒకత్తి దూకింది!

"మీరు పక్కనుంచి తీశారు. నేను ఎదురుగా ఉన్నాను కదా, నాకు కనబడింది. అందుకే ఎడమకి తిరిగాను."

రాంబాబు నావైపు తిరిగాడు. "మాస్టారూ, రాష్ట్రస్థాయిలో మీరేం ఆడారండీ?"

"ఆడలేదయ్యా." ఇక దాచి లాభం లేదు. "కోర్టుకి సున్నం గీతలు గీశాను. అదీ మండలస్థాయిలో."

మర్నాడు స్వాతి కోర్టులో ఉంది. నేను సున్నం బకెట్టుతో ఉన్నాను. ఇచ్చింది స్వాతే. "గీతలు వంకరండీ!" అని అరిచాడు ఆ అంపైరే. "మీరు నిలబడ్డ చోటునుంచి అలా కనబడతాయండీ," అన్నాను. ఆ వంకర గీతల మధ్యే స్వాతి ముగ్గుర్ని తాకి, మమ్మల్ని ఫైనలుకి చేర్చింది.

కాబట్టి అంపైరు బొజ్జ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఏడో మనిషి ఎక్కడుందో తేలేదాకా ఎవరి ఆట మీదా నోరెత్తను. పునుగులు తినేటప్పుడైతే అసలే ఎత్తను.