ఏడు పేర్ల మూత

మా ఇంటి దేవుడి గూట్లో ఒక లోహపు సిగరెట్ పెట్టె మూత ఉంది. పౌరోహిత్యం చేసుకునే ఇంట్లో ఇదేమి వస్తువని ఎవరైనా అడిగితే, చెప్పడానికి ఒకప్పుడు మా దగ్గర జవాబుండేది. ఇప్పుడు మూత మాత్రమే ఉంది.

రెండో ప్రపంచయుద్ధకాలంలో జమ్మలమడుగు అవతల, మా తాత పూజారిగా ఉన్న పల్లెకు పైన, కొండమీద ఒక బాంబుల విమానం కూలింది. యుద్ధానికి పోతూ కాదు, యుద్ధం నేర్చుకుంటూ కూలింది. లోపల ఏడుగురు. మొదట కొండెక్కినవాళ్ళలో మా తాత ఒకడు. ఎవరైనా బతికుంటే తాగుతారని బిందెడు నీళ్ళు మోసుకుపోయాడట. ఆ నీళ్ళు తాగడానికి ఒక్కడూ మిగల్లేదు. వాళ్ళ పక్కనే పారబోసి దిగివచ్చాడు.

మరునాడు మిలిటరీ వాళ్ళొచ్చి మనుషులనూ ఇనుమునూ ఒకే లారీలోకి ఎత్తుకొని పోయారు. దూరంగా కంపచెట్లలో పడిన ఈ మూత మాత్రం తర్వాత తాత చేతికి దొరికింది. లోపలివైపు మేకుతోనో కత్తిమొనతోనో గీకిన ఏడు వరసల ఇంగ్లీషు. బడిపంతులుకు చూపిస్తే, "ఇవి పేర్లు సామీ. ఏడుగురూ ఎవురిది వాల్లు రాసుకున్నట్లుండాది" అన్నాడట. ఎవరైనా వచ్చి అడిగితే ఇద్దామని తాత దాచిపెట్టాడు. ఎవరూ రాలేదు.

తాతకు ఇంగ్లీషు రాదు. దిక్కులేకుండా పోయినవాళ్ళకు నీళ్ళు వదలడం మాత్రం వచ్చు. మహాలయ అమావాస్యనాడు మావాళ్ళందరికీ తర్పణం అయిపోయాక, మూతను ఎదురుగా పెట్టుకొని, గోత్రం తెలియనివాళ్ళకు చెప్పే కాశ్యప గోత్రం చెప్పి, "ఈ మూతమీద పేర్లున్నవారికి" అంటూ ఏడుసార్లు నువ్వులూ నీళ్ళూ వదిలేవాడు. పేర్లు చదవాల్సిన పని లేదు, అవి అక్కడున్నాయి కదా. తాత తర్వాత మా నాయన, నాయన తర్వాత నేను. సముద్రాలవతల పుట్టిన ఏడుగురు మా ఇంట్లో మూడు తరాలుగా కాశ్యపసగోత్రులు. వాళ్ళను ఎవరూ అడగలేదనుకోండి.

తర్పణానికి ముందు మూతను తోమాలి. మొదట అది మా అవ్వ పని, తర్వాత మా అమ్మ పని, ఆపైన నా భార్య పని. చింతపండు, బూడిద, కొబ్బరిపీచు. అది సిగరెట్ పెట్టె మూత అని అవ్వకు చివరిదాకా తెలియదు. తెలిసుంటే ఇంకాస్త గట్టిగా తోమేదేమో. "పోయినోల్ల పేర్లురా, మకిలి పట్టి ఉండగూడదు" అనేది. అలా ఏటా ఒకసారి ఆ ఏడుగురినీ తలుచుకున్నాం. ఏటా ఒకసారి కొంచెం కొంచెంగా తుడిచేశాం. రెండూ ఒకే పని అని మాలో ఎవరికీ తోచలేదు.

నాకు తోచి ఉండాల్సింది. ముప్పై ఐదేళ్ళు పులివెందులలో తెలుగు పాఠం చెప్పాను. పండితుడినని పేరేగాని బుర్రలో పండింది తక్కువ. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి ఆ పేర్లు తెలుగులో రాసిపెడదామని కూర్చున్నాను. అప్పటికి ఐదు వరసలు బాగానే కనిపించేవి. రెండో పేరు దగ్గరే ఆగిపోయాను. ఆ అక్షరాలన్నీ పక్కపక్కన కూర్చున్నాయిగాని ఒకదానితో ఒకటి పలుకుతున్నట్టు లేవు. ఏ వత్తు ఎక్కడివ్వాలో తేలక, ఇంగ్లీషు అయ్యవారిని అడిగి తర్వాత రాద్దామని పుస్తకం మూసేశాను. ఆ తర్వాత అనేది రావడానికి నలభై ఏళ్ళు పట్టింది.

రెండేళ్ళ కిందట, నా దగ్గర చదువుకొని ఇప్పుడు జమ్మలమడుగులో పాఠాలు చెబుతున్న ఒకాయన, ఆ కొండ ఫోటో తీసి, నేను ఎప్పుడో చెప్పిన కథ దాని కింద రాసి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. ఆరు నెలలకు ఆయన ద్వారా నాకొక మెయిలు వచ్చింది. రాసింది ఒక పరదేశపు అమ్మాయి. వాళ్ళ అవ్వకు తొంభై దాటాయట. అవ్వకు పదేళ్ళప్పుడు ఆమె అన్న ఈ దేశంలో విమానం ఎక్కి తిరిగి రాలేదు. ఆరోజు ఒకే చోటినుంచి రెండు విమానాలు శిక్షణకు లేచాయి, రెండూ రాలేదు. ఒకటి సముద్రంలో పడింది, ఒకటి కొండమీద. చివరి నిమిషంలో కొందరిని అటూ ఇటూ మార్చారు, కాగితాల్లో ఆ మార్పు ఎక్కలేదు. అన్న నీళ్ళలో ఉన్నాడా నేలమీద ఉన్నాడా అన్నది ఆమె ఇన్నేళ్ళుగా అడుగుతూనే ఉంది. అవ్వ అన్న పేరు రాసి, చివర ఆ అమ్మాయి ఒక్క ప్రశ్న అడిగింది. ఈ పేరు మీ మూతమీద ఉందా? ఉంటే ఒక ఫోటో పంపగలరా?

భూతద్దం పెట్టి చూశాను. ఏడు వరసల్లో రెండే మిగిలాయి, అవీ సగం సగం. నాలుగో వరసలో మొదట ఒక నిలువుగీత, చివర కిందికి తోక దిగిన ఒక అక్షరం. ఆ అన్న పేరుకూ మొదట నిలువుగీతే, చివర తోకే. మధ్యలో అంతా నల్లటి మకిలి. తొంభై ఏళ్ళ మనిషికి మకిలి పట్టిన మూత ఫోటో ఎలా పంపడం? చూస్తే ఆమె ఏమనుకుంటుంది, ఇన్నేళ్ళూ వాళ్ళన్నను ఇలా పెట్టుకున్నామా అనుకోదూ? "ప్రొద్దుటూరులో శుభ్రం చేయించి పంపుతాను, కొద్దిరోజులు ఆగండి" అని నిఘంటువు దగ్గర పెట్టుకొని ఇంగ్లీషులో రాశాను. మెయిలు కాగితం జేబులో పెట్టుకొని ప్రొద్దుటూరు బస్సెక్కాను. వెండీ బంగారానికి ప్రొద్దుటూరును మించిన ఊరు మాకు తెలియదు మరి.

ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీల వెనక బస్సు గంటసేపు నిలబడింది. అప్పుడైనా దిగి వెనక్కి రావలసింది.

మెరుగు పెట్టే దుకాణంలో నా వయసు మనిషే ఉన్నాడు. మూతను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది అయివారూ ఇది, యెండినా?"

"ఏమో అప్పా, వెండి పూతేమో. లోపల అక్షరాలుండాయి. బాగా కనపడేటట్ల శుభ్రం చేయల్ల."

"శానా పాతది. మీరు పోయి కాఫీ తాగి రాపోండి. అద్దం మాదిరి చేసిపెడ్తా."

అద్దం అన్న మాట నా చెవిన పడింది. పడి, అక్కడే ఉండిపోయింది. పోయి కాఫీ తాగాను. చక్కెర తక్కువైందని గొణిగాను కూడా.

తిరిగొచ్చేసరికి ఆయన మూతను గుడ్డతో తుడుస్తున్నాడు.

"సూడండి సామీ, మీ మొగం మీకు కనపడ్తాది."

కనపడింది. అది తప్ప ఇంకేమీ కనపడలేదు.

"అక్షరాలు యాడప్పా?"

"అక్షరాలా? గీతలుండె, శానా గీతలు. అన్నీ తీసేస్తి. మిషన్ కింద రెండు తూర్లు పెట్టల్సి వచ్చె."

"అవే అక్షరాలు! నేను చెప్తి గదా!"

"పేర్లంటే చక్కగా చెక్కుంటారు గద సామీ. ఇవి మేకుతో గీకినట్లుండె. ఎవురో పిల్లోల్లు గీకినారనుకొంటి." ఆయన గొంతు తగ్గింది. "ఎవురి పేర్లు?"

చెప్పాను. ఏడుగురనీ, విమానమనీ, తాత అనీ. ఆయన పని ఆపి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని విన్నాడు. మెరుగు పెట్టించబోయి మరుగు చేసుకున్నానని, అలాంటి చోట కూడా నా బుర్రకు ఒక మాటల ఆట తట్టింది. పాడు బుర్ర.

"పేర్లు చెప్పండి అయివారూ, నా చేత్తో చెక్కి ఇస్తా. మీరేమీ ఇయ్యొద్దు. తప్పు నాది."

తప్పు ఆయనది కాదు, నాది. చెప్పడానికి పేర్లు లేవు. ఒక్కటుంది. జేబులో. ఎలా రాయాలో అక్షరం అక్షరం అచ్చుకొట్టి ఉంది. మొదట నిలువుగీత, చివర తోక. చెక్కించి, ఫోటో తీసి పంపితే, ఒక ముసలావిడ అన్న సముద్రంలోంచి లేచి మా కొండమీదికి వస్తాడు. నిజంగానే వచ్చి ఉండవచ్చు కూడా. కాగితం తీసి ఆయన చేతికిచ్చాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకొని, ఉలిలాంటి సన్నపు పనిముట్టు తీసుకొని, మూతను చెక్క మీద బిగించి, నావైపు చూశాడు.

"ఒక్కటేనా? తక్కినోల్లో?"

కాగితం వెనక్కి తీసుకున్నాను.

ఆ వారమంతా మెయిలు రాయడానికే సరిపోయింది. పేర్లు ఉండేవి, మేమే తోమి తోమి పోగొట్టాం, మిగిలింది నేను పోగొట్టాను, మీ అవ్వగారి అన్న అందులో ఉన్నాడో లేడో ఇక ఎవరూ చెప్పలేరు. ఇంతే సంగతి. దీన్ని ఎన్నిసార్లు తిరగరాసినా మంచిగా రాలేదు. చివరికి మంచిగా లేనిదే పంపాను.

నాలుగు రోజులకు జవాబొచ్చింది. అమ్మాయి నన్నేమీ అనలేదు. "మా అవ్వకు ఇది చెప్పలేకపోయాను. మూత ఇంకా శుభ్రం చేస్తున్నారని చెప్పాను. క్షమించండి. శుభ్రం చేస్తున్న ఊరి పేరు నన్నడిగి కాగితం మీద రాయించుకుంది. పలకడం రాదు, అయినా రోజూ పలుకుతుంది" అని రాసింది.

ఆమె నోట ప్రొద్దుటూరు ఏమై వస్తుందో నాకు తెలియదు. వాళ్ళన్న పేరు నా నోట ఏమవుతుందో ఆమెకు తెలియదు.

మొన్నటి మహాలయ అమావాస్యకు మూతను తీశాను. నా భార్య చింతపండు నానబెట్టుకొని గూటి దగ్గర నిలబడింది.

"ఏమండీ, తోమేదా వద్దా?"

"తోమి ఏం చేస్తావు, ఏముందని?"

"ఏముందో నాకేం తెలుసు. వాల్లకు నీల్లిడిసే రోజు గదా అని అడిగితిని."

తోమింది. మావాళ్ళందరికీ అయ్యాక మూతను ఎదురుగా పెట్టుకున్నాను. కాశ్యప గోత్రం వరకూ వచ్చింది. "ఈ మూతమీద పేర్లున్నవారికి" అనాలి. చూస్తే మూతలో బోడితల ముసలివాడొకడు చేతిలో నువ్వులు పట్టుకొని నన్నే చూస్తున్నాడు. ఆ మాట అనలేదు. ఏమీ అనకుండానే ఏడుసార్లు నీళ్ళు వదిలాను. అవి ఎవరికి చేరాయో, అసలు చేరాయో లేదో.

రెండు మూడు నెలలకొకసారి ఆ అమ్మాయి మెయిలు వస్తుంది. అవ్వ అడుగుతోందనీ, నా జవాబు తన కళ్ళతోనే చూస్తానంటోందనీ, ఒక్క వాక్యం రాస్తే చాలుననీ. పోయినవారం కూడా వచ్చింది. ప్రొద్దుటూరులో పని అయిందా అని.

ఇంకా కాలేదని రాశాను.