మిల్లు సందులో నాతో నడిచిన మాణిక్యం పిన్ని

మాణిక్యం పిన్ని ఇక లేదు.

నిన్న పొద్దున్నే పాలకొల్లు నుంచి పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "సరేరా, సాయంత్రం మాట్లాడతాను" అని పెట్టేశాను. వాడు మళ్ళీ చేశాడు.

"అక్కా, నేనేం చెప్పానో విన్నావా?"

వినబడింది. బుర్రకెక్కలేదు.

రాజమండ్రిలో బస్సెక్కి కూర్చున్నాక ఎక్కింది. దారి పొడవునా పక్కసీట్లో ఎవరో ఉన్నట్టే ఉంది. రెండుమూడుసార్లు తిరిగి చూశాను కూడా.

పిన్ని అంటే మా అమ్మకి చెల్లెలు. బాబాయిది పాలకొల్లులో కిరాణా కొట్టు. మా ఊళ్ళో హైస్కూల్ లేదని, డెబ్భైల చివర్లో నన్ను వాళ్ళింట్లో పెట్టి చదివించారు.

ఇప్పుడు చెప్పేది కాస్త సిగ్గుపడే విషయం. నవ్వొస్తే నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

టెన్త్‌లో నాకు గ్యాస్ ట్రబుల్. అప్పట్లో వాతం అనేవాళ్ళు. స్కూలంటే భయం, భయమేస్తే కడుపు ఉబ్బేది, కడుపు ఉబ్బితే ఇంకా భయం. పొద్దున్న ఏమీ తినకుండా పరిగెత్తేదాన్ని.

మధ్యాహ్నం బెల్ కొట్టాక ఇంటికొస్తే బాబాయి వాళ్ళమ్మగారు కంచం ముందు కాచుకుని ఉండేవారు. మన వైపు మర్యాదలు తెలిసినవే కదా. ముద్దపప్పు, దాని మీద నెయ్యి, పనసపొట్టు కూర, ఆఖర్న గడ్డపెరుగు. వద్దంటే ఇంకో గరిటె.

"మా ఇంట్లో ఉన్న పిల్ల సగం కడుపుతో లేచిందంటే మాకు మాటొస్తుందమ్మా. తిను."

అంతా గబగబా మింగి మళ్ళీ పరుగు. పాపం, ఆవిడకి ప్రేమే. నా ప్రాణం మీదికొచ్చింది.

ఒకరోజు సోషల్ క్లాసు. మాస్టారు బోర్డు మీద మ్యాప్ గీస్తున్నారు. ఎవరూ కిక్కురుమనడం లేదు.

ఆపుకోలేకపోయాను.

క్లాసంతా ఘొల్లుమంది. మాస్టారు కూడా బోర్డు వైపు తిరిగి భుజాలు కదుపుతూ నవ్వుకున్నారు. సాయంత్రానికి నా పేరు గోలీసోడా.

మర్నాటి నుంచి తలనొప్పి అన్నాను. తర్వాత జ్వరం అన్నాను. ఆఖరికి నాన్న వచ్చారు. "చదివింది చాల్లే, ఇంటికెళ్ళిపోదాం పద" అన్నారు. హమ్మయ్య అనుకుని పెట్టె సర్దేసుకున్నాను.

పిన్ని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏమనుకోకండి బావగారూ. దీన్ని పంపనండి. పరీక్ష రాసేదాకా నా దగ్గరే ఉంటుందండి."

ఎవరి ముందూ గొంతెత్తని మనిషి. ఆ రోజు ఆ మాట గట్టిగానే అంది. నిన్నటి నుంచి ఆ గొంతే నా చెవుల్లో తిరుగుతోంది.

నాన్న వెళ్ళాక నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, కడుపు సంగతి తనే అడిగింది. నేను ఏడ్చేశాను.

"అందరికీ వస్తుందే పిచ్చిమొహమా. రానివాళ్ళనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి."

మర్నాటి నుంచి పొద్దున్నే కాసిని గోరువెచ్చని వాము నీళ్ళు, ఓ ఇడ్లీ అయినా తినిపించి పంపేది. మధ్యాహ్నం తనే వడ్డించేది. కొంచెమే పెట్టి, "నములు, నములు" అంటూ ఎదురుగా కూర్చునేది. అత్తగారు గరిటెతో వస్తే చెయ్యి అడ్డం పెట్టేది. కోడలు అలా అడ్డం పెట్టడం ఆ ఇంట్లో మామూలు విషయం కాదు. ఎన్ని మాటలు పడిందో నాకు తెలుసు.

క్లాసులో తలుపు పక్క బెంచీ ఇమ్మని హెడ్‌మిస్ట్రెస్ గారిని అడిగింది. అడక్కుండానే బయటికెళ్ళేలా పర్మిషన్ కూడా ఇప్పించింది. "భయమేసినప్పుడు గాలి మింగుతున్నావే. మెల్లిగా బయటికి వదులు" అని ఊపిరి వదలడం చేసి చూపించేది.

భోజనమయ్యాక నాతో స్కూల్ దాకా నడిచేది. అదీ తిన్నగా రోడ్డు మీద కాదు, రైస్ మిల్లు వెనక సందులోంచి. మిల్లు ఆడుతుంటే పక్కమనిషి మాట కూడా వినబడదు అక్కడ.

మొదటిరోజే నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది, "ఇక్కడ వదిలెయ్యవే! దేవుడికి కూడా వినబడదు!"

ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ ఊక దుమ్ములో పిన్ని నవ్వుతూ దగ్గుతూ నిలబడడం ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

"ఇవన్నీ నీకెలా తెలుసు పిన్నీ?" అని అడిగితే, "కొట్టుకొచ్చేవాళ్ళు చెప్తుంటారులే" అనేది.

పరీక్ష రాశాను. పాసయ్యాను. తర్వాత టీచర్నయ్యాను. ఇదంతా పిన్ని పెట్టిన భిక్షే.

నిన్న అంతా అయిపోయాక మా పెద్దమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. పిన్నికి అక్క ఆవిడ. మెల్లిగా చెప్పింది.

"దానికీ నీలాగే ఉండేదే. తొమ్మిదిలో ఉండగా క్లాసులో అలాగే అయ్యింది, అందరూ నవ్వారు. మర్నాటి నుంచి బడికి వెళ్ళనంది. నాన్నగారు సరేనన్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. నాకొక్కదానికే చెప్పి ఒట్టేయించుకుంది. ఇవాళ్టితో ఆ ఒట్టు తీరిపోయింది."

పిన్ని లెక్కల్లో ఫస్టట. అదీ నిన్ననే తెలిసింది.

కళ్ళు మూసుకుంటే పిన్ని రావడం లేదు. నేనెప్పుడూ చూడని ఓ పిల్ల వస్తోంది. రెండు జడలు, లంగా ఓణీ. నవ్వుతున్న క్లాసు మధ్యలోంచి లేచి, పుస్తకాలు గుండెకి అదుముకుని, తలొంచుకుని ఇంటికెళ్ళిపోతోంది. పిలిస్తే వెనక్కి తిరగడం లేదు.

నాకు పిన్ని ఉంది. ఆ పిల్లకి ఎవరున్నారు?

వెళ్ళిరా పిన్నీ. ఎవరూ నవ్వని చోట, భయం లేకుండా, హాయిగా ఉండు.