బల్ల ఆదివారాల కాపలాదారు

ఎల్బీనగర్‌లోని మా ప్రార్థన మందిరంలో డోలక్ వాయించే ఆయన నెలకొకసారి, సరిగ్గా ప్రభువు బల్ల వేళకు, "బండ్లు చూసొస్తా" అంటూ మెట్లు దిగిపోయేవాడు. హాజరు రాసే పని నాది. బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకోనివారిలో ఆయన పేరు వరుసగా అయిదు నెలలు నా డైరీకెక్కింది. అన్ని పాటలకూ ఉండే మనిషి బల్లకే ఎందుకు ఉండడు?

ఆరో నెల ఆయన వెనుకే నేనూ దిగాను. గేటు దగ్గర రెండే స్కూటర్లు ఉన్నాయి. ఆయన నోటి నుంచి మందు వాసన వచ్చింది.

"పొద్దుగాలనే ఏంది తమ్మీ?"

"మొదట దావత్‌లల్లనే తాగుతుంటి అన్నా. ఇప్పుడు లేవంగనే కావాలె. గీ నోటితోని బల్ల ఎట్ల ముట్టాలె? భయమైతది."

"పాస్టరుగారితో చెబుదాం పద."

"జర ఆగన్నా, నేనే మానేస్త. ఒక్క నెల."

ఆగాను.

మరుసటి నెల ఆయన మెట్లు దిగలేదు. మోకరించి రొట్టె తీసుకున్నాడు, ద్రాక్షారసం తాగాడు. "మా ఆయన మారిండన్నా!" అని ఆయన భార్య నాతో అంటూ కళ్లు తుడుచుకుంది. నాకు నమ్మకం కలగలేదు. ఆరాధన ముగిశాక ఆయన దగ్గరికి వెళ్లాను. అదే మందు వాసన.

"మరి భయం?" అని మెల్లగా అడిగాను.

"అదిగూడ పోయిందన్నా," అని హాయిగా నవ్వాడు.

మెట్లు దిగిపోయిన ఆ నెలల్లోనే ఆయనను కాపాడుకొనే వీలుండేది. నేను మాత్రం డైరీ రాస్తూ కూర్చున్నాను.